చిన్న రథానికి చక్రం చెక్క

తిరుపతిలో మా వీధి గుడి ఉత్సవానికి చేస్తున్న చిన్న రథానికి చక్రాల చెక్క ఎంపికే అన్నిటికన్నా ముఖ్యమని నా నమ్మకం. చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలక నున్నగా తెగుతుంది గానీ, తడి తగిలితే అంచులు ఉబ్బి మరమేకుల పట్టు వదిలేస్తుంది కనుక దాన్ని వద్దనుకున్నాను. ఒంటి పలకను గుండ్రంగా కోస్తే నార వెంబడి చీలే ప్రమాదం ఉంది. ప్లైవుడ్‌లో ఒక పొర నార పక్క పొరకు అడ్డంగా ఉండటం వల్ల ఆ భయం చాలావరకు తగ్గుతుంది. అందులోనూ భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ రకమే తీసుకోవాలి, ఎందుకంటే దాని జిగురు నీటికి తట్టుకుంటుంది. కొనేముందు అంచును వెలుతురులో చూడండి: పొరల మధ్య సందులుంటే ఆ పలక వద్దు. ఇరుసు ఒరిపిడిని భరించాల్సిన నడిమి దిమ్మెకు మాత్రం, ఎడ్లబండి చక్రాలకు మన పెద్దలు వాడిన నల్లతుమ్మనే, బాగా ఆరినదాన్ని ఎంచుకున్నాను. పచ్చిది ఆరేకొద్దీ కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది.