ముఖాముఖి అంటే ఇలా ఉండాలి

శ్రీకాకుళంలో రచయితలతో ముఖాముఖికి వెళ్లొచ్చాను. మనసు ఇంకా అక్కడే ఉంది. చిన్న హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఒకటే మైకు. శాలువాలు, సన్మానాలు తొందరగా కానిచ్చేసి, మిగిలిన సమయమంతా పాఠకులకే వదిలేశారు. అన్ని సభల్లోనూ ఇలా చేస్తే ఎంత బాగుంటుందో!

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ లేచారు. "నీ కథలో ఆ కోడలు పిల్లల్ని తీసుకుని పలాస వెళ్లిపోయింది కదా బాబూ, తర్వాత ఎలా బతికింది?" అని అడిగారు. రచయిత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అంతవరకు ఆలోచించలేదమ్మా. మీరే చెప్పండి" అన్నాడు. ఆవిడ చెప్పారు. జీడిపిక్కలు కొట్టే పని, జీడి అంటుకుని వేళ్లు నల్లబడి తోలు ఊడిపోవడం, ఆ చేతులతోనే అన్నం కలపడం. ఆయన ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి గబగబా రాసుకుంటున్నాడు. హాల్లో ఎవరూ కదల్లేదు.

కథా రచయిత కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టింది ఈ ఊళ్లోనే. పాత పత్రికలు వెతికి వెతికి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పట్టుబట్టిన మనిషాయన. అలాంటి ఊళ్లో ఇలాంటి పాఠకులు ఉండటం నాకు వింతగా అనిపించలేదు, గర్వంగా అనిపించింది.

కాలేజీ పిల్లలకు మాత్రం మైకు అందేసరికే టైమైపోయింది. వచ్చేసారి ముందు వాళ్లకే ఇవ్వండి. టెక్కలిలోనో ఇచ్ఛాపురంలోనో పెట్టినా సరే, కుర్చీలు సర్దడానికి నేనొస్తాను.