బరోక్ వినాలంటే ముందు కింది స్వరం పట్టుకోండి

చెన్నైలో మన తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు సాయంత్రాలు పాట క్లాసుకీ, వారాంతాల్లో కీబోర్డ్ క్లాసుకీ వెళ్తుంటారు. పాశ్చాత్య సంగీతంలో పెట్టే ట్రినిటీ గ్రేడ్ పరీక్షలు దగ్గరపడితే పిల్లలకంటే అమ్మలకే ఎక్కువ టెన్షన్. వీళ్లు బరోక్ అనే పాత యూరప్ సంగీతం పేరు మొదట చూసేది ఆ పరీక్షల పుస్తకాల్లోనే. సారబాండ్ అంటే మూడు మాత్రల నెమ్మది నాట్యం, జీగ్ అంటే హుషారైన నాట్యం, రిటర్నెల్లో అంటే మళ్లీ మళ్లీ వచ్చే భాగం, ఇలా బట్టీ పట్టేస్తారు, పరీక్ష అయ్యాక ఒక్కటీ చెవిలో మిగలదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి బరోక్ అంత దూరమైనది కాదు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చెప్పేవాళ్లు ఉంటే చాలు. నా లెక్క ప్రకారం మొదలుపెట్టాల్సింది కింది నుంచి. పైన వినిపించే పాటని కాసేపు వదిలేసి, అడుగున నడిచే స్వరాన్ని వినడం నుంచి.

కాలం సంగతి ముందు చెప్పేస్తాను. బరోక్ అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా. ఇటలీలోని మాంటువాలో మాంటెవెర్ది ఆపెరా (పాటలతోనే నడిచే నాటకం) 'ఓర్ఫెయో' 1607లో ఆడింది, అప్పటికి మన తంజావూరులో రఘునాథ నాయకుడి కొలువు నడుస్తోంది. వేంకటమఖి 72 మేళాల లెక్క కట్టింది, క్షేత్రయ్య పదాలు పాడింది ఈ కాలంలోనే. ఇక్కడ ఫోర్ట్ సెయింట్ జార్జ్‌లోని సెయింట్ మేరీస్ చర్చి ప్రారంభమైన 1680లో, లండన్‌లో పర్సెల్ అనే స్వరకర్తకి 21 ఏళ్లు, అప్పటికే వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో ఆర్గాన్ వాయిస్తున్నాడు. ఇంకో ఐదేళ్లకి, 1685లో, బాఖ్, హాండెల్, దొమెనికో స్కార్లాటీ అనే స్వరకర్తలు ముగ్గురూ ఒకే ఏడు పుట్టారు. కోటలోకి వెళ్లినప్పుడల్లా ఆ చర్చి గోడలు చూసి నాకు ఈ లెక్కలే గుర్తొస్తాయి.

ఇక అసలు విషయం. మన కచేరీలో అడుగున తంబూరా ఉంటుంది, సా పా సా అంటూ మొదలైన దగ్గర్నుంచి మంగళం దాకా కదలదు, గాయకుడు ఎంత దూరం వెళ్లినా ఆ షడ్జం అక్కడే ఉంటుంది కాబట్టే రాగం నిలుస్తుంది. బరోక్‌లో ఆ అడుగే నడుస్తుంది. ఆ నడిచే భాగాన్ని బాసో కంటిన్యువో అంటారు. సాధారణంగా ఇద్దరు వాయిస్తారు: ఒకరు చెల్లో (వయొలిన్ కంటే పెద్దది, లోతైన గొంతుది) లాంటి వాద్యం మీద కింది స్వరాల వరస పట్టుకుంటారు, ఇంకొకరు హార్ప్సికార్డ్ అనే పాతకాలపు కీబోర్డ్ మీదో ఆర్గాన్ మీదో థియార్బో అనే పొడవాటి మెడ ఉన్న తంత్రీవాద్యం మీదో ఆ వరసకి పైన స్వరాలు కలుపుతారు. కాగితం మీద రెండో మనిషికి ఉండేది కింది స్వరం, దానితో పాటు 6 అనో 4 3 అనో కొన్ని అంకెలు, అంతే. ఆ అంకెల్ని బట్టి ఏ స్వరాలు కలపాలో తెలుస్తుంది, ఎలా కలపాలో మాత్రం వాయించేవాళ్ల ఇష్టం. పాశ్చాత్య సంగీతం అంటే రాసింది రాసినట్టు వాయించడమే అనుకునేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. ఇది మనోధర్మం కాకపోతే ఇంకేంటి?

ఆ 4 3 అనే అంకెల్ని మాత్రం చెవితో పట్టుకోవాలి, ఇక్కడే అంతా ఉంది. ఒకసారి మా అక్క కూతురికి చెప్పాను, నువ్వు సా పాడుతూ ఉండు, నేను కీబోర్డ్ మీద కింద స్వరాలు మారుస్తానని. శంకరాభరణం స్వరాలే. కింద సా వాయిస్తే తన సా హాయిగా కూర్చుంది. కింద ధైవతం పెడితే అదే సా కాస్త దిగులుగా మారింది. మధ్యమం పెడితే విశాలంగా అనిపించింది. తర్వాత పంచమం పెట్టాను. "పిన్నీ, ఇప్పుడు సా మీద ఉండలేకపోతున్నా, నికి జారాలనిపిస్తోంది" అంది. జారమన్నాను. ని మీదికి రాగానే ఊపిరి వదిలినట్టు నవ్వింది. పంచమం నుంచి లెక్కపెడితే సా నాలుగోది, ని మూడోది. 4 3 అంటే అదే! మనకి అన్నిటికంటే నిలకడైన స్వరం షడ్జం, దానికి కూడా కాళ్ల కింద నేల మారితే నిలకడ పోతుంది. బరోక్‌లోని ఆరాటం, ఏడుపు, ఎదురుచూపు చాలావరకు ఇలాగే పుడతాయి, పై స్వరం ఆగుతుంది, కిందిది కదులుతుంది, పైది దిగక తప్పదు. ఇది ఒక్కటి పట్టుబడ్డాక మిగతా పేర్లన్నీ వాటంతట అవే అర్థమవుతాయని నా నమ్మకం.

ఉదాహరణకి గ్రౌండ్ బాస్. కింద ఒక చిన్న వరస మళ్లీ మళ్లీ తిరుగుతుంది, పైన సంగీతం మారుతూ పోతుంది. పాఖెల్బెల్ కానన్ పెళ్లి వీడియోల్లో అందరూ విన్నదే, అందులో కింద ఎనిమిది స్వరాలు 28 సార్లు తిరుగుతాయి, పైన మూడు వయొలిన్లు ఒకదాని వెనక ఒకటి అదే పాటని అందుకుంటాయి. దానికంటే నాకు ప్రాణం పర్సెల్ 'డైడో అండ్ ఈనియస్' చివర్లో రాణి పాడే విలాపం. కింద ఐదు బార్ల (బార్ అంటే మాత్రల ఒక చిన్న చుట్టు) వరస, అర్ధస్వరాల మీద మెట్టుమెట్టుగా దిగుతుంది, మళ్లీ మొదటికి వస్తుంది, మళ్లీ దిగుతుంది. రాణి పాట ఆ ఐదు బార్ల లెక్కకి లొంగదు. కింద ఆవర్తనం ముగిసే చోట ఆమె వాక్యం ముగియదు, ఆమె మధ్యలో ఉండగానే అది మళ్లీ మొదలైపోతుంది. సమానికి కాకుండా ఎక్కడో దాటి ముక్తాయించే గాయకుల్ని విన్నవాళ్లకి ఆ రుచి వెంటనే అందుతుంది, అలాంటి దుఃఖం మాత్రం ఇంకెక్కడా వినలేదనిపిస్తుంది.

రిటర్నెల్లో కూడా అంతే. వెనిస్‌లో అనాథ ఆడపిల్లల్ని చేరదీసిన పియెతా సంస్థలో విఖ్యాతులైన ఆ పిల్లల కోసం వివాల్డీ కుప్పలుగా కాన్చెర్తోలు, అంటే ఒక వాద్యానికీ బృందానికీ కలిపి కట్టిన కృతులు, రాశాడు. అందరూ కలిసి వాయించే భాగం వస్తుంది, తర్వాత ఒక్క వయొలిన్ విడిగా ఎగురుతుంది, మళ్లీ అందరూ. పల్లవిలా ఉందే అంటారు మనవాళ్లు, సగం నిజమే. మన పల్లవి ఎప్పుడూ అదే సా దగ్గరికి వస్తుంది, రిటర్నెల్లో ఒకసారి పంచమాన్నే 'సా'గా చేసుకుని వస్తుంది, ఒకసారి ముక్కే వస్తుంది, చివరికి గానీ ఇల్లు చేరదు. 1725లో అచ్చయిన 'నాలుగు ఋతువులు'లో వసంతం మొదటి భాగం తీసుకుని కింది స్వరాన్ని వెంబడించండి, ఎక్కడెక్కడ సా మారిందో అదే చెబుతుంది.

నాట్యాల పేర్ల గురించి ఎక్కువ చెప్పను, అల్లెమాండ్, కూరాంట్, సారబాండ్, జీగ్ అనే వరస సూట్‌కి, అంటే నాట్యాల గుచ్ఛానికి, వెన్నెముక, బాఖ్ ఒంటరి చెల్లో కోసం రాసిన ఆరు సూట్‌లు వింటే అవి వచ్చేస్తాయి. సారబాండ్‌లో మాత్రం రెండో మాత్ర మీద బరువు ఎలా పడుతుందో చూడండి. హాండెల్ 1705లో 'అల్మీరా' ఆపెరా కోసం ఒక సారబాండ్ రాశాడు, నాట్యానికి. అదే వరసని 1711లో 'రినాల్డో'లో బందీ అయిన అమ్మాయి కన్నీటి పాటగా మార్చాడు, 'లాషా కియో పియాంగా'. మొదటి భాగం, మధ్యలో వేరే భాగం, మళ్లీ మొదటిది, ఈ కట్టుని దా కాపో అంటారు. తిరిగి వచ్చినప్పుడు గాయని సొంత గమకాలూ అలంకారాలూ వేస్తుంది, వేయాలి కూడా. కృతుల్లో సంగతులు విని పెరిగినవాళ్లకి ఆ రెండోసారి ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త: ఫోన్ స్పీకర్‌లో ఇవేవీ వినకండి. కింది స్వరం సరిగ్గా రాదు, మిగిలేది సగం సంగీతమే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

వయొలిన్ నేర్చుకునే పిల్లలున్న ఇళ్లకి చివరగా ఒకటి. బాఖ్ చేతిరాతలో 1720 అని తేదీ ఉన్న ఒంటరి వయొలిన్ కృతుల్లో, డి మైనర్ పార్తీతా (సూట్ లాంటిదే) చివర ఒక షాకోన్ ఉంది, కింద ఒక వరస తిరుగుతుంటే పైన మారుతూ పోయే రకం. పావుగంట దాకా సాగుతుంది. దాని వెనక చెల్లో లేదు, హార్ప్సికార్డ్ లేదు, కంటిన్యువోనే లేదు. నాలుగు తీగల మీద ఆ ఒక్క వయొలినే నాలుగు బార్ల కింది వరసని అక్కడక్కడ తాకుతూ పోతుంది, మిగతాది మన చెవి పూరించుకుంటుంది. మధ్యలో మైనర్ వదిలి మేజర్‌లోకి, అంటే మన శంకరాభరణం స్వరాల్లోకి తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర అడుగున ఏం జరిగిందో వినిపించిందా లేదా అని మీ పిల్లల్ని అడగండి, వాళ్లేం చెప్పారో నాకు రాయండి.