మెట్లవాళ్ళు మళ్ళీ ముంచారు

మా నాన్న తెనాలిలో ఉంటారు. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. బేస్‌బాల్ బ్యాటు ఎలా ఉంటుందో జన్మలో దగ్గర్నుంచి చూసినవారు కాదు. అయినా న్యూయార్క్ మెట్స్ టీమ్ వాళ్ళు రాత్రి గెలిచారో ఓడారో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయికి పొద్దున్నే చెప్పేది ఆయనే. స్టేడియం మా ఇంటి నుంచి గంటన్నర ప్రయాణం, వార్త మాత్రం తెనాలి నుంచి రావాలి. "మెట్లవాళ్ళు మళ్ళీ ముంచారే అమ్మలూ" అంటారు ఫోన్లో. మెట్స్ అనడం ఆయనకు రాక కాదు, మెట్లు అనడంలో ఏదో తృప్తి.

ఇది 2024 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పటికి అమ్మాయికి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడదు. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు. ఆదివారం తెలుగు బడికి మూడేళ్ళు పంపాం. అక్షరాలు వచ్చాయి, గుణింతాలు వచ్చాయి, ఓ వేమన పద్యం కూడా గడగడా చెప్పేది, కానీ తాతయ్యతో ఫోనంటే "బాగున్నావా తాతయ్యా, బాగున్నాను, అమ్మకి ఇస్తా" అంతే, పదిహేను సెకన్లు. ఆ పైన సాఫ్ట్‌బాల్ ప్రాక్టీసు కూడా ఆదివారమే, అదే టైముకి పడింది. ఏది మానిపించాలన్నదాని మీద నేనూ మా ఆయనా నెల్లాళ్ళు పోట్లాడుకుని, చివరికి తెలుగు మానిపించాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నకి చెప్పలేదు కూడా.

మెట్స్ పిచ్చి ఎలా పట్టిందంటే, క్లాసులో పక్కన కూర్చునే పిల్ల మెట్స్ టోపీ పెట్టుకొచ్చిందట. అంతే. న్యూయార్క్‌లోనే ఉన్న ఇంకో టీమ్ యాంకీస్‌ని పట్టుకున్నా కాస్త సుఖంగా ఉండేది కదా అని మా ఆయన బాధ. ఆయన హైదరాబాదు మనిషి, ఐపీఎల్ తప్ప ఇంకో ఆట ఆట కాదు. ఆ ఏడాది మార్చి 27న ఉప్పల్‌లో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టినప్పుడు మాకు పొద్దున పది దాటింది, ఆయన ఆఫీసు మీటింగులో ఉండి "అబ్బా" అని అరిచారు, మ్యూట్‌లో లేరు. రెండు రోజుల తర్వాత మా పిల్ల మెట్స్ టీమ్ సీజన్ మొదలైంది. వానకి ఒకరోజు వెనక్కి జరిగి మొదలైంది, అదే శకునం అనుకోవాలి. మిల్వాకీ చేతిలో మూడు ఆటలూ పోయాయి. డెట్రాయిట్ వచ్చింది, ఇంకోటి పోయింది. ఏప్రిల్ 4న ఒకే రోజు రెండు ఆటలు పెడితే అందులో మొదటిదీ పోయింది, అదీ తొమ్మిదితో అయిపోవాల్సింది పదకొండు ఇన్నింగ్స్ దాకా ఈడ్చి మరీ. ఆడిన అయిదూ ఓటమే.

మా ఆయన ఊరుకోవచ్చు కదా. "మావాళ్ళు ఒక్కరోజులో 277, మీవాళ్ళు అయిదు ఆటలూ కలిపి ఎంత?" అన్నారు. పిల్ల ఏడుపు మొహం పెట్టి ఫోను తీసుకుని తాతయ్యకి చేసింది. ఎందుకు చేసిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా మీదా వాళ్ళ నాన్న మీదా చాడీ చెప్పడానికే అయ్యుంటుంది. చాడీ చెప్పాలంటే ఇంగ్లీషు పనికిరాదు, అవతల ఉన్నది తెనాలి తాతయ్య. అలా మొదటిసారి ఆ పిల్ల నోట్లోంచి నాలుగు వాక్యాలు వరసగా తెలుగులో వచ్చాయి. వంటింట్లో పోపు వేస్తూ విన్నాను. ఇవతలికి వస్తే ఎక్కడ ఆపేస్తుందో అని స్టవ్ ఆపేసి అక్కడే నిలబడిపోయాను.

ఆ రోజు రెండో ఆటలో కూడా పోయేలాగే ఉండి, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పీట్ అలాన్సో మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టి సమం చేశాడు, వెంటనే టైరోన్ టేలర్ కొట్టిన దెబ్బకి 2-1తో గెలిచారు. పిల్ల మళ్ళీ ఫోన్ చేసి నిద్రలో ఉన్న మనిషిని లేపేసింది. "తాతయ్యా, గెలిచారు!" "ఎవరమ్మా, ఎలక్షన్లు ఇంకా కాలేదుగా?" అన్నారట. తెల్లారి, అంటే శుక్రవారం పొద్దున 10:23కి, న్యూజెర్సీలో భూకంపం వచ్చింది. తీవ్రత 4.8. మా కప్‌బోర్డులో గిన్నెలు గలగలమన్నాయి. నాన్న కంగారుపడి ఫోన్ మీద ఫోన్. సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పిల్ల ఆయనకి చెప్పిన కారణం: "మెట్స్ గెలిచారు కదా తాతయ్యా, అందుకని ఊగింది." భూకంపం అన్న మాట ఆయన చెప్పారు, పట్టేసుకుంది.

తర్వాత అది రోజూ అయింది. మాకు రాత్రి ఆట 7:10కి మొదలైతే తెనాలిలో తెల్లవారుజామున 4:40. నాన్న లేచేదే నాలుగున్నరకి. కాఫీ గ్లాసుతో వీధి అరుగు మీద కూర్చుంటారు, ఇక్కడ పిల్ల ఫోనుని టీవీ ఎదురుగా కెచప్ సీసాకి ఆనించి పెడుతుంది. బడి రోజుల్లో తొమ్మిదింటికి పడుకోవాలి, ఆ రూలు నాది, అందుకే సగం ఆటే చూస్తుంది. 2023లో బంతి వేసే పిచ్చర్లకి ఇన్ని సెకన్లలోనే వేయాలని గడియారం పెట్టాక ఆట రెండున్నర గంటలకి కాస్త అటూ ఇటూలో అయిపోతోంది గానీ, అయినా పదైపోతుంది. మిగతా సగం నాన్న ఫోన్లో స్కోరు చూసుకుంటారు. పొద్దున ఏడింటికి ఇది లేచి పళ్ళు తోముకుంటూ ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం నాలుగున్నర, రెండో కాఫీ. అప్పుడు ఫలితం.

ఆట నేర్పించడం చూడాలి మీరు. నేర్పేవాళ్ళకి భాష రాదు, నేర్చుకునేవాళ్ళకి ఆట రాదు.

"నాలుగుసార్లు చెడ్డ బంతి వేస్తే వాడు నడుచుకుని వెళ్తాడు తాతయ్యా."

"ఊరికేనా?"

"ఊరికే అంటే?"

"డబ్బులివ్వకుండా."

"ఆ, ఊరికే. ఇప్పుడు వాడు దొంగిలించాడు."

"ఏం దొంగిలించాడు?"

"రెండోది."

"ఎవరిది?"

ఇలా అరగంట. బంతి కొట్టకుండానే పక్క బేస్‌కి పరుగెత్తి చేరడాన్ని ఆ ఆటలో దొంగిలించడం అంటారు. మొత్తానికి ఆయనకి అర్థమైంది. బిళ్ళంగోడు ఆడినవారికి ఇదేమంత కష్టం కాదు అన్నారు. బేస్‌ని ఆయన మజిలీ అంటారు, పరుగు కావాలంటే ఒక్కొక్కటీ దాటుకుంటూ రావాలి కదా. మొదటి మజిలీ, రెండో మజిలీ, మూడో మజిలీ. పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేట్ మామూలుగా ఇల్లే. పిల్ల కూడా అలాగే అంటుంది, స్కూల్లో తన స్నేహితురాలికి కూడా మజిలీ నేర్పించిందట, ఆ పిల్ల వాళ్ళమ్మ ఇదేం స్లాంగ్ అని నన్ను అడిగింది.

ఒకరోజు ముగ్గురు మనుషులు మూడు మజిలీల్లో ఉండగానే ఇన్నింగ్స్ అయిపోయింది. "మరి వాళ్ళు?" అన్నారు నాన్న. "వాళ్ళు అంతే తాతయ్యా. ఇంటికి రాలేదు. లెక్కలోకి రారు." ఆయన ఏమీ అనలేదు కాసేపు. తర్వాత "మీ అమ్మ ఏం చేస్తోంది?" అని అడిగారు. కుక్కర్ పెట్టడానికి వెళ్ళాను నేను.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఇక్కడ సెలవా పాడా, వేపపువ్వు ఓక్ ట్రీ రోడ్డులో దొరికింది అదే గొప్ప. నాన్న ఫోన్లో పంచాంగం తీశారు. మెట్లవాళ్ళది ఏ రాశి అని పెద్ద చర్చ. మ, మి, ము, మె మఖా నక్షత్రం, అంటే సింహరాశి అని తేల్చారు. ఆదాయ వ్యయాలు చదివి "ఖర్చు మాత్రం దండిగా ఉందమ్మలూ" అన్నారు. అది పంచాంగం చూడకుండా కూడా చెప్పొచ్చు, లీగ్ మొత్తంలో జీతాలకి ఎక్కువ ఖర్చుపెట్టేది ఆ ఏడాది వీళ్ళే.

ఆ జీతాల్లో పెద్దది ఫ్రాన్సిస్కో లిండోర్‌ది. పదేళ్ళకి 34.1 కోట్ల డాలర్లు. అతనే మా పిల్ల గదిలో గోడ మీద ఉన్నవాడు. ఆ ఏప్రిల్ మొదటి రెండు వారాల్లో అతను పదిసార్లు బ్యాటు పట్టుకుని వస్తే ఒక్కసారి తగిలించడం గగనమైపోయింది. ఇక చూడండి, మా ఆఫీసులో పక్క సీటాయన ఇరవై ఏళ్ళ నుంచి మెట్స్ అభిమాని, లిండోర్‌ని అమ్మేయాలి, మేనేజర్ని తీసేయాలి, ఆ చేత్తోనే ఓనర్ని కూడా తీసేయాలి అని రోజూ కాఫీ మెషీన్ దగ్గర తీర్మానాలు. సొంత స్టేడియంలోనే "బూ" అని అరిచారు. నాకిది కొత్తేం కాదు. 2007 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ చేతిలో ఓడినప్పుడు రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద పడ్డారు జనం. అప్పుడు ఇదే మా నాన్న తెనాలిలో టీవీ ముందు కూర్చుని "వీళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఉతకాలి" అన్నారు. ఈ మాట మొన్న గుర్తుచేస్తే, "నేనా? ఛ" అన్నారు.

అలాంటిది ఏప్రిల్ 12 శుక్రవారం మేం ముగ్గురం మెట్స్ స్టేడియం సిటీ ఫీల్డ్‌కి వెళ్ళాం. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణపతి గుడి అక్కడికి దగ్గరే, గుడికి వెళ్దాం అని నేను, ఆటకి వెళ్దాం అని అది, గుడి కింద క్యాంటీన్లో దోసె తిందాం అని ఆయన, ముగ్గురి పనీ అయింది. ఏప్రిల్ రాత్రి ఆ స్టేడియంలో చలి ఎముకల్లోకి దిగుతుంది, తెలియక పల్చటి జాకెట్టుతో వెళ్ళాను. లిండోర్ బ్యాటింగుకి వచ్చాడు. నా పక్క వరసలో ఒకాయన లేచాడు. వెనక నలుగురు లేచారు. చూస్తుండగా స్టేడియం అంతా నిలబడి చప్పట్లు. అతనింకా ఏమీ కొట్టలేదు. రెండు వారాలుగా ఏమీ కొట్టనందుకే ఆ చప్పట్లు! ముందు ఏడాది ఫిలడెల్ఫియా వాళ్ళు ట్రే టర్నర్ అనే వాడికి ఇలాగే చేస్తే ఆడటం మొదలుపెట్టాడట, అది చూసి వీళ్ళు కూడా అనుకుని చేశారట. పిల్ల కుర్చీ మీద ఎక్కి అరుస్తోంది. నేను లేవలేకపోయాను. చేతిలో కాఫీ ఉందని సాకు. నిజం చెప్పాలంటే, ఏమీ చేయకుండా చప్పట్లు కొట్టించుకోవడం నాకు మింగుడుపడలేదు. మా ఇంట్లో ఫస్ట్ వచ్చినా "రెండో వాడికెన్ని?" అని అడిగేవారు.

ఇందులో నేను పూర్తిగా మారిపోయానని అనుకోకండి. ఆ నెలలోనే లెక్కల టెస్టులో 71 తెచ్చుకుని, నేను గొంతు పెంచితే, "అమ్మా, ఇంకా ఏప్రిలే" అంది చల్లగా. మెట్స్‌కి 162 ఆటలుంటాయి తల్లీ, నీకు 162 లెక్కల పరీక్షలు లేవు అన్నాను. ఇప్పటికీ ఆ విషయంలో నేనే కరెక్ట్ అనుకుంటున్నాను.

ఆ సీజన్ ఏమైందో అభిమానులకి తెలుసు. మే 29కి 22 గెలుపులు, 33 ఓటములు. అక్కణ్ణుంచి లేచి 89-73తో ముగించి, అక్టోబరులో మిల్వాకీ మీద చివరి ఇన్నింగ్స్‌లో అలాన్సో కొట్టిన హోమ్ రన్‌తో గట్టెక్కి, లీగ్ ఫైనల్ దాకా వెళ్ళి లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ చేతిలో ఆగారు. లిండోర్ 33 హోమ్ రన్లు కొట్టి లీగ్ ఉత్తమ ఆటగాడి ఓటింగులో డాడ్జర్స్ ఆటగాడు ఒతాని తర్వాత రెండోవాడు. మరుసటి ఏడాది సరిగ్గా తిరగబడింది. 2025 సీజన్‌కి హువాన్ సోటోని 15 ఏళ్ళకి 76.5 కోట్ల డాలర్లిచ్చి తెచ్చారు, అతను నెమ్మదిగా మొదలుపెడితే మళ్ళీ ఆ తిట్లు, మళ్ళీ పక్క సీటాయన తీర్మానాలు, టీమ్ మాత్రం జూన్ మధ్యకి 45-24తో అందరికంటే పైన. అక్కణ్ణుంచి జారి జారి ఆఖరి రోజున మయామీ చేతిలో ఓడి ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. నాన్న ఆ రోజు ఫోన్ చేసి ఫలితం చెప్పలేదు. బంగినపల్లి మామిడి మొక్క వేశానని చెప్పారు. పిల్లకి అర్థమైపోయింది.

లిండోర్ పన్నెండేళ్ళప్పుడు ప్యూర్టో రికో నుంచి వాళ్ళ నాన్నతో ఫ్లోరిడా వచ్చాడు, అప్పటికి ఇంగ్లీషు రాదు. ఇది పిల్ల ఎక్కడో చదివి తాతయ్యకి చెప్పింది. "మరి ఇప్పుడు వాళ్ళమ్మతో ఏ భాషలో మాట్లాడతాడు?" అని ఆయన అడిగింది అదొక్కటే. "స్పానిష్‌లో తాతయ్యా." "ఆఁ" అన్నారు.

2025 డిసెంబరులో అలాన్సో వెళ్ళిపోయాడు. మెట్స్ చరిత్రలో అందరికంటే ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవాడు, బాల్టిమోర్‌కి అయిదేళ్ళకి సంతకం పెట్టాడు. పిల్ల బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి ఏడ్చింది. నేనేం చెప్పినా వినలేదు. చీకటి పడ్డాక తాతయ్యకి ఫోన్ చేసింది, అక్కడ ఇంకా తెల్లారలేదు, లేచే ఉన్నారు.

"బాల్టిమోర్ ఎంత దూరమమ్మా?"

"కారులో మూడు గంటలు."

"మూడు గంటలకే?"

"అది కాదు తాతయ్యా. వేరే డ్రెస్ వేసుకుంటాడు."

"వేసుకోనీ. మీ అమ్మ వేసుకోలేదూ?"

ఇది ఏడుస్తూనే నవ్వి, ఫోను నా చేతికిచ్చి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. నాన్న నాతో ఇంకేం మాట్లాడలేదు, ఈసారి మొదటి ఆట ఎప్పుడో, ఎన్నింటికో కనుక్కుని క్యాలెండరు మీద రాసి పెట్టుకుంటానన్నారు.