అక్క వాటా ఏం చేయాలె?

మా బాపు పోయి ఏడాదైంది. నర్సంపేట పక్కన ఆయన సొంతంగా కొన్న రెండెకరాల పది గుంటలు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మధ్యలో భూముల రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, మేం మాత్రం పేరు మార్పించుకోను కదల్లేదు. పాసు పుస్తకం అమ్మ బియ్యం డబ్బాలో పాలిథిన్ కవర్లో చుట్టి పెట్టింది, లోపల పత్తి విత్తనాల రసీదు కూడా ఉంది, బాపు చేతిరాతతో వెనక ఏవో లెక్కలు.

వీలునామా లేదు కాబట్టి అమ్మకు, అక్కకు, నాకు సమానం, అంటే 90 గుంటల్లో (ఎకరానికి 40 గుంటలు) తలా 30. పెళ్లైన ఆడపిల్లకు భూమెక్కడిది అని మా పెద్దనాన్న అంటున్నాడు గానీ అది తప్పు. బాపు సొంత ఆస్తి, అక్క మొదటి వరుస వారసురాలు, పెళ్లైతే హక్కు పోదు.

చిక్కల్లా అక్కతోనే. పోయిన ఆదివారం కరీంనగర్ నుంచి వచ్చింది (ఛార్జీలిస్తానంటే "ఆడోళ్లకు ఫ్రీ బస్సు కదరా, ఏం ఛార్జీలు" అని నవ్వింది), "నాకేం వద్దు తమ్మీ, సంతకం పెడత" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు బావ గోడ మీది క్యాలెండర్ చూస్తున్నడు. వాళ్ల పిలగాడు ఇంజనీరింగ్, ఫీజుకు అప్పు చేసిన్రని నాకు తెలుసు.

నాకు హన్మకొండ ఇంటి లోన్ ఉంది, అబద్ధమెందుకు, ఆశ లేదనను. అక్క వద్దన్నా 30 గుంటలు ఆమె పేరునే ఎక్కించాల్నా, లేక రాయించుకుని పైసలియ్యాల్నా? ఇట్ల పంచుకున్నోళ్లు ఎవరన్నా ఉంటే చెప్పుండ్రి.