పాప పేరు ఊళ్లోనే ఉండిపోయింది

మొన్న దసరా అయ్యాక నారాయణపేట దగ్గరి మా పల్లె నుంచి హైదరాబాద్ వచ్చేశాం. మా ఆయనది సెంట్రింగ్ పని, నేను ఇంట్లో మిషన్ కుడతాను. పాపకు అప్పటికి మూడున్నరేళ్లు. ఇక్కడ ప్లేస్కూల్‌లో అడిగితే నెల ఫీజే మా కిరాయిలో సగం చెప్పారు. సందు చివర అంగన్‌వాడీ ఉందని పక్కింటి అక్క చెబితే మరునాడే తీసుకుపోయాను.

ఆ రోజు టీచర్ లేదు. ఉన్నామె, పాపకు ఆధార్ లేకపోతే పేరు ఎక్కదని పంపించేసింది. జనన ధ్రువపత్రం మా అత్తమ్మ పెట్టెలో ఉంది. మా ఆయన ఒకరోజు కూలి వదులుకొని ఊరికి పోయి తెచ్చాడు. ఆధార్ సెంటర్‌లో రెండు పూటలు లైన్లో నిలబడ్డాను. ఐదేళ్లలోపు పిల్లల వేలిముద్రలు తీసుకోరు. పాపకు ఫొటో తీసి, నా వేలిముద్ర తీసుకున్నారు. డబ్బులు అడగలేదు. కార్డు వచ్చేదాకా పాప నా మిషన్ కింద గుడ్డపీలికలతోనే ఆడుకుంది.

అసలు పిల్లల ఆధార్ తప్పనిసరి కాదట, తల్లిది చాలట! సూపర్‌వైజర్ మేడమ్ తర్వాత చెప్పింది. ఆ ఒక్క మాట మొదటిరోజే తెలిసుంటే పాపకు అన్ని రోజుల అన్నం, గుడ్డు, ఆట పోయేవి కావు. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

కార్డు పట్టుకొని పోతే ఇంకో చిక్కు. టీచర్ ఫోన్‌లో అంగన్‌వాడీ పిల్లల పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ తెరిచి చూసి, "మీ పాప పేరు ఊరి సెంటర్‌లోనే ఉందమ్మా. ఒకే పాపను రెండు చోట్ల చూపించరాదు" అంది. నా ముఖం చూసి, కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. ఈ పిల్లల తిండికి రోజుకు 8 రూపాయలని 2017లో లెక్క కట్టారు, అందులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. బియ్యం, పప్పు, గుడ్లు సెంటర్‌కు వచ్చేది పేర్ల లెక్క మీదే. వలస పోయినవాళ్ల పేరు కొత్త చోటికి మార్చుకునే వీలు ఆ యాప్‌లోనే ఉందట.

ఊరి టీచర్‌కు ఫోన్ చేశాను. పాప కడుపులో ఉన్నప్పుడు ఆరోగ్య లక్ష్మి పథకం కింద నాకు రోజూ అన్నం, గుడ్డు పెట్టి, పాలు తాగేదాకా కదలనివ్వని మనిషి ఆమె. "చెప్పకుండా పోయినవేందమ్మా, పాప ఏదని రోజూ చూస్తున్న" అంది. టీచర్లిద్దరూ మాట్లాడుకున్నారు. నాలుగు రోజుల్లో పేరు ఇక్కడికి వచ్చింది.

మొదటిరోజు తూకం వేస్తే 10 కిలోల 800 గ్రాములు. వయసుకు తగ్గ బరువు లేదంది టీచర్. పాప గుడ్డులో తెల్లది తిని పచ్చసొన పళ్లెం అంచుకు తోసేస్తుంది. ఆయా ఆ సొనను వేళ్లతో మెత్తగా చిదిమి, పప్పన్నంలో కనబడకుండా కలిపి పెట్టింది. ఖాళీ పళ్లెం నాకు చూపించి నవ్వింది.

అంగన్‌వాడీ అంటే అన్నం పెట్టే చోటే కదా అంటారు చాలామంది. మా పాప అక్కడి నుంచి ఇంటికొచ్చి నా గుండీల డబ్బా బోర్లించి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు, ఎర్రవి విడిగా పేరుస్తోంది. అక్కడ ఆకులతో, గింజలతో అలాగే చేయిస్తారట. ఇది చదువు కాకపోతే ఇంకేమిటి? ఆ టీచర్ వంట సరుకుల లెక్క రాయాలి, తూకాలు వేయాలి, ఫోన్‌లో ఎక్కించాలి, పిల్లలకు నేర్పాలి. గౌరవ వేతనం 13,650 రూపాయలు. ఆ డబ్బుకు ఆ ఓపిక నాకైతే చాలా పెద్దదనిపిస్తుంది.

సంక్రాంతి తర్వాత మా మరిది వాళ్లు ఇద్దరు పిల్లలతో పనికి వస్తున్నామన్నారు. మూటలు కట్టకముందే అక్కడి అంగన్‌వాడీ టీచర్‌ను కలిసి, పిల్లల పేర్లు మార్చాలని చెప్పి రమ్మన్నాను. ఇక్కడి సెంటర్ పేరు కాగితం మీద రాయించి, ఫొటో తీసి తోడికోడలికి పంపాను.