ఉప్పు ఛాంబర్ ముందు క్యూ

మా రీసెర్చ్ టీమ్‌లో పదకొండు మందిమి. ఈ దేశం వచ్చి ఇందులో చేరేనాటికి నడుస్తున్న ప్రాజెక్టులు 24. ఏడాదికి పూర్తయ్యేవి ఆరు. సోమవారం మీటింగులో వంతు వచ్చినవాళ్లంతా "బాగానే సాగుతోంది" అనేవారు. నేనూ అదే అనేవాణ్ణి.

మా పని ఉక్కు తుప్పు పట్టకుండా పూసే కోటింగులు. పూత వేసిన రేకు మీద కత్తితో గాటు పెట్టి, సాల్ట్ స్ప్రే ఛాంబర్‌లో కాస్త వాలుగా నిలబెడతాం. 35 డిగ్రీల వేడిలో 5 శాతం ఉప్పునీరు మంచులా కురుస్తూనే ఉంటుంది. అందులో పూత చెడకుండా నిలవాల్సింది వెయ్యి గంటలు, అంటే దాదాపు 42 రోజులు. ఎంత తెలివైనవాళ్లు కూర్చున్నా ఆ వెయ్యి గంటలు ఎనిమిది వందలు కావు. పైగా మాకున్న ఛాంబర్ ఒక్కటే.

పని ఆలస్యమవుతోందని గొడవ వచ్చినప్పుడల్లా కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. పాత ఎక్సెల్ షీట్లు కూడా అలాగే ఉండిపోయాయి కాబట్టి ఒకే విషయాన్ని రెండు చోట్ల ఎక్కించాల్సి వచ్చేది.

నాకు విషయం అర్థమైంది ఒక చిన్న లెక్కతో. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం అది. చేతిలో ఉన్న పనుల సంఖ్యను, పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక్కో పనికి సగటున పట్టే కాలం వస్తుంది. 24ని 6తో భాగిస్తే నాలుగేళ్లు! అదే వేగంతో చేతిలో పన్నెండే పెట్టుకుంటే రెండేళ్లు. ఎవరూ ఎక్కువ గంటలు పనిచేయక్కర్లేదు, మొదలుపెట్టడం తగ్గిస్తే చాలు.

మా లీడ్‌కి ఈ లెక్క చూపించాను. ఆవిడ నన్ను తీసుకుని ఛాంబర్ దగ్గరికి వెళ్లారు. ఒక్కో రేకు ఎవరిదో రాసుకుంటూ పోతే, కొన్ని రేకులు, అడిగిన కస్టమర్లే వదిలేసిన ప్రాజెక్టులవి. అవి చోటు ఆక్రమించుకుని ఉంటే, అవసరమైనవి బయట క్యూలో ఉన్నాయి. ఆ రోజు నుంచి ఛాంబర్‌లో తేదీ దొరక్కుండా కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టకూడదని నియమం పెట్టుకున్నాం. గోడ మీద బోర్డు, ప్రాజెక్టుకు ఒకటి చొప్పున పన్నెండు కార్డులు, పక్కన "ఆపేశాం" అని ఒక వరుస.

ఆ వరుసే చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. ఎందుకో నాకు తెలుసు. నా ప్రైమర్ మూడుసార్లూ 300 గంటలకే గాటు పక్కన బుడగలెత్తింది. గోరుతో నొక్కితే పొర లేచి, కింద ఎర్రటి తుప్పు కనిపించేది. అయినా ఐదు నెలలు "బాగానే సాగుతోంది" అన్నాను. నా వీసా ఈ ఉద్యోగంతో ముడిపడి ఉంది. ప్రాజెక్టు ఆగితే ఉద్యోగం, ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే హక్కు... రాత్రిళ్లు అదే టెన్షన్. ప్రాజెక్టుల నిర్వహణ గురించి మాట్లాడేవాళ్లు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోరు. నా ఉద్దేశంలో టీమ్‌లో సగం ఆలస్యానికి మూలం అదే.

మా లీడ్ ఒకరోజు విడిగా కూర్చోబెట్టి, "ఏ ఫలితం వస్తే దీన్ని ఆపాలో నువ్వే రాసివ్వు" అన్నారు. "500 గంటల్లోపు బుడగలొస్తే" అని రాశాను. రాశాక చెప్పడం తేలికైంది. ఆ వరుసలో మొదటి కార్డు నాదే. మర్నాడే ఆవిడ నాకు ఇంకో ప్రాజెక్టు ఇచ్చారు. ఇప్పుడు ప్రతి కార్డు వెనకా ఆ వాక్యం ముందే ఉంటుంది.

మీటింగూ మారింది. ఎవరి పని గురించి వాళ్లు రాసుకొచ్చిన పేజీలను ముందు పది నిమిషాలు అందరం మౌనంగా చదువుతాం, తర్వాతే మాటలు. అమెజాన్‌లో 2004 నుంచే స్లైడ్లు మానేసి ఇలా చదువుతున్నారని తర్వాత తెలిసింది. మనసులో అనువదించుకుని నోరు తెరిచేలోపు చర్చ దాటిపోయే నాలాంటివాళ్లకు ఇది ఎంత ఊరటో చెప్పలేను.

సేల్స్ వాళ్లు పదమూడో ప్రాజెక్టు తెచ్చినప్పుడు ఇప్పటికీ వాదన తప్పదు. ఒక్కోసారి ఓడిపోతాం కూడా.

కొత్తగా చేరిన ఒకమ్మాయిదీ వీసా ఉద్యోగమే. మూడో వారంలోనే రేకు పట్టుకొచ్చి, "బుడగలొచ్చాయి, ఆపేద్దామా?" అని అడిగింది. ఫోటో తీశాం. కార్డు మీద 410 గంటలు అని రాసి, ఛాంబర్‌లో ఆ చోటు క్యూలో ముందున్నవాళ్లకు ఇచ్చాం.