కడుపులో పురుగులకీ ఆటోఇమ్యూన్ జబ్బులకీ ఏంటి సంబంధం?

కడుపులో పురుగులుంటే ఆటోఇమ్యూన్ జబ్బులు (ఇమ్యూనిటీ మన సొంత ఒంటి మీదే దాడిచేసే జబ్బులు) నెమ్మదిస్తాయట అని ఎవరైనా అంటే మొదట నవ్వొస్తుంది, కానీ అర్జెంటీనా పేషెంట్ల సంగతి చదివాక అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. అక్కడ కొరియాలే, ఫారెజ్ అనే ఇద్దరు డాక్టర్లు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, మెదడు, వెన్నుపాముల్ని దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు) ఉన్న 12 మందిని ఫాలో అయ్యారు. వీళ్లందరి రక్తంలో ఇయోసినోఫిల్స్ (పురుగులుంటే పెరిగే ఒకరకం తెల్లరక్తకణాలు) ఎక్కువ, కడుపులో పురుగులున్నాయి. పురుగులు లేని ఇంకో 12 మంది ఎంఎస్ పేషెంట్లతో పోల్చి చూస్తే, సగటున 4.6 ఏళ్లలో పురుగులున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టింది మొత్తం కలిపి 3 సార్లు, లేనివాళ్లకి 56 సార్లు. ఇది 2007లో వచ్చింది.

12 మందే కదా, ఏదో కాకతాళీయం అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో, 2011లో వచ్చిన రెండో రిపోర్ట్ లేకపోతే. కడుపు బాధలు ఎక్కువై వాళ్లలో నలుగురు పురుగులు పోయే మందు వేసుకోవాల్సొచ్చింది, పురుగులు పోయాయి, ఆ తర్వాత జబ్బు మళ్లీ మొదలైంది, ఎంఆర్ఐలో మెదడు మీద జబ్బు మచ్చలు పెరిగాయి, రెగ్యులేటరీ టీ సెల్స్ తగ్గాయి. నాకు బాగా నమ్మబుద్ధేసింది ఇక్కడే.

ఈ రెగ్యులేటరీ టీ సెల్స్ పనేంటంటే మిగతా ఇమ్యూన్ సెల్స్‌ని ఇక చాలు ఆపండి అని అదుపు చేయడం. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో ఈ అదుపే సరిగ్గా పనిచేయదు. పురుగేమో ఏళ్లతరబడి ఒంట్లో ఉండాలి, అద్దె కట్టకుండా ఉండేవాడు ఓనర్ కంట పడకుండా తిరిగినట్టు అన్నమాట, అందుకని ఐఎల్-10, టీజీఎఫ్-బీటా లాంటి సిగ్నల్స్ పెరిగేలా చేసి ఇమ్యూనిటీని జోకొడుతుంది. ఎలుకల పేగుల్లో ఉండే ఒక పురుగైతే ఏకంగా టీజీఎఫ్-బీటాలా పనిచేసే ప్రోటీన్‌ని తనే తయారుచేసి వదులుతుంది! మన జబ్బు తగ్గించాలని దానికేం లేదు, దాని బతుకు కోసం అది చేసుకునేది మనకి పక్కలాభం, అంతే.

మరి పురుగుల్నే మందుగా ఇస్తే? ఇచ్చారు. 2005లో అమెరికాలోని అయోవాలో క్రోన్స్ జబ్బు (పేగుల్లో వాపు తెచ్చే జబ్బు) ఉన్న 29 మందికి పందుల్లో ఉండే ఒక పురుగు గుడ్లు, మూడు వారాలకోసారి 2500 చొప్పున తాగించారు, ఎక్కువమందికి బాగా తగ్గింది. కానీ అందులో ప్లాసిబో (పోల్చడానికి ఇచ్చే ఉత్తుత్తి మందు) గ్రూపే లేదు, తర్వాత ప్లాసిబో పెట్టి చేసిన పెద్ద ట్రయల్స్‌లో తేడా కనపడలేదు. నాటింగ్‌హామ్‌లో ఎంఎస్ పేషెంట్లకి 25 కొంకిపురుగు లార్వాలు చర్మం మీద పెట్టి చూశారు, 2020లో రిజల్ట్ వచ్చింది, రెగ్యులేటరీ టీ సెల్స్ పెరిగాయి గానీ కొత్త మచ్చల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నా అనుమానం, ఏళ్లతరబడి ఉన్న ఇన్ఫెక్షన్ వేరు, కొన్ని నెలలు తెచ్చిపెట్టుకున్నది వేరు. అందుకే ఆన్‌లైన్‌లో పురుగుల గుడ్లు కొనుక్కుని మింగేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది.

ఇంకో విషయం, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు మట్టిలోంచి చర్మం గుండా లోపలికొస్తుంది, చాలా పురుగుల్లా కాకుండా ఇది ఒంట్లోనే తన సంఖ్య పెంచుకోగలదు, ఏ లక్షణమూ లేకుండా దశాబ్దాలు ఉండిపోగలదు. ఆటోఇమ్యూన్ జబ్బుకని ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్స్ మొదలుపెడితే ఇది ఒక్కసారిగా విజృంభించి ఊపిరితిత్తుల దాకా పాకుతుంది, ప్రాణాలు పోయిన కేసులు బోలెడు. మలపరీక్ష ఒకసారి చేస్తే దొరక్కపోవచ్చు, రక్తంలో యాంటీబాడీ టెస్ట్ నయం, ఉందని తేలితే ఐవర్‌మెక్టిన్‌తో పోతుంది. ఈ పురుగు ఉండే ప్రాంతాల్లో పెరిగినవాళ్లు, మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్లు స్టెరాయిడ్ కోర్సు మొదలయ్యేలోపే డాక్టర్‌ని ఈ టెస్ట్ గురించి అడగండి.